కన్సోల్ ముందు కుర్చీ ఖరీదు

హైదరాబాద్‌లో మెయిన్‌ఫ్రేమ్ మీద బతికేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో మెయిన్‌ఫ్రేమ్‌ని కళ్లారా చూసినవాళ్లు బహు తక్కువ. నేనూ చాలా ఏళ్లు ఆ చూడనివాళ్ల కోవలోనే ఉన్నాను. యంత్రం అమెరికాలో ఎక్కడో గోదాములాంటి ఓ భవనంలో ఉంటుంది. మేం మాదాపూర్‌లో కూర్చుని రాత్రంతా దాన్ని కనిపెట్టుకుని ఉంటాం. తెనాలిలో మా అమ్మకి నా ఉద్యోగం ఏమిటో చెప్పాల్సి వచ్చి, "పెద్ద కంప్యూటర్‌కి కాపలా" అన్నాను. "కాపలా అయితే దాని దగ్గరుండాలి గానీ ఇంత దూరంలో ఉండి ఏం చేస్తారే?" అంది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. అంత దూరం నుంచి కాపలా కాయడానికి ఎంత అవుతుంది, ఎంతవరకు కుదురుతుంది అన్నదే ఈ వ్యాసం.

బ్యాంకులు, బీమా సంస్థలు, విమాన సంస్థలు తమ అసలు లెక్కలు నడుపుకునే యంత్రం మెయిన్‌ఫ్రేమ్. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360కి ఇవాళ్టి జెడ్16, జెడ్17 నేరుగా వారసులు. దీనితో పనిచేసేవాళ్లకి రెండు రకాల తెరలుంటాయి. ఒకటి ప్రోగ్రామర్‌ది. టీఎస్‌ఓ అనే సాఫ్ట్‌వేర్‌లోకి లాగిన్ అయి, కోబాల్ భాషలో ప్రోగ్రామ్ రాసుకుని, జాబ్ సబ్మిట్ చేసి, అది అబెండ్ అయితే, అంటే మధ్యలో పడిపోతే, తల పట్టుకుని మళ్లీ సరిచేసుకుంటాడు. అతనికి కనిపించేది తన వాటా యంత్రం మాత్రమే. రెండోది కన్సోల్. యంత్రం తన కష్టసుఖాలన్నీ చెప్పుకునేది దానితోనే. ఏ జాబ్ మొదలైంది, ఏది మధ్యలో పడిపోయింది, ఏ టేపు ఎక్కించాలి, ఏ డిస్కు మొరాయిస్తోంది, అన్నీ అక్కడ పడతాయి. యంత్రాన్ని ఆపాలన్నా లేపాలన్నా ఆజ్ఞ వెళ్లేది అక్కడి నుంచే.

చూపుకి రెండింటికీ పెద్ద తేడా ఉండదు. నల్ల తెర, అక్షరాలు, 24 వరసలు, వరసకి 80 అక్షరాలు. తేడా అడుగున ఉంది. టీఎస్‌ఓ తెర మన దాకా రావాలంటే యంత్రంలో నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉండాలి. అది నడవాలంటే ముందు ఆపరేటింగ్ సిస్టమ్ లేవాలి. ఆ లేవడాన్ని మేం ఐపీఎల్ అంటాం. లేచే దారిలో అది ఆగి ప్రశ్నలు అడగొచ్చు. వాటికి జవాబు చెప్పాల్సిన మనిషి అదే నెట్‌వర్క్ మీదుగా వస్తానంటే కుదరదు, నెట్‌వర్క్ ఇంకా లేవనే లేదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు మూసుకున్నట్టవుతుంది. కాబట్టి యంత్రం సగం నిద్రలో ఉన్నప్పుడు కూడా పనిచేసే వేరే దారి ఒకటి కన్సోల్‌కి ఉండి తీరాలి. కన్సోల్ ఖర్చు అన్నప్పుడు నేను లెక్కేసేది తెర ధర కాదు, ఆ వేరే దారి ధర, దాని చివర కూర్చునే మనిషి ధర.

మొదట్లో ఈ గొడవే లేదు. 1950లలో ప్రోగ్రామ్ రాసినవాడే వెళ్లి కన్సోల్ ముందు కూర్చునేవాడు. ఐబీఎం 701 అనే యంత్రాన్ని చేసింది మొత్తం 19. నెలకి అద్దె పదివేల డాలర్ల పైమాటే. అలాంటి యంత్రం ముందు కూర్చుని ప్రోగ్రామర్ గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తుంటే మీటరు తిరుగుతూనే ఉండేది. ఈ దండగ భరించలేకే జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థల వాళ్లు కలిసి 1956లో ఐబీఎం 704 కోసం ఓ చిన్న నిర్వహణ ప్రోగ్రామ్ రాసుకున్నారు. ఒక జాబ్ అయిపోగానే ఇంకోదాన్ని అదే ఎక్కించుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడి నుంచే ఎత్తుకుంటారు. నాకు మాత్రం ఇది ప్రోగ్రామర్‌ని కుర్చీలోంచి లేపేసిన కథలా కనిపిస్తుంది. అతన్ని గది బయట కౌంటర్ దగ్గర కార్డుల కట్ట పట్టుకుని నిలబెట్టారు. కుర్చీ ఆపరేటర్‌కి దక్కింది.

సిస్టమ్/360 రోజుల్లో ఆ కుర్చీ ఎదురుగా ఉండేది తెర కాదు, 1052 అనే టైపు మిషను. సెకనుకి సుమారు 15 అక్షరాల వేగంతో యంత్రం చెప్పదలచుకున్నదంతా కాగితం మీద కొట్టేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా షిఫ్ట్ లీడ్ ఒక పెద్దాయన. 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్లాక ఆ యంత్రాల బాగోగులు చూసిన సీఎంసీ నుంచి వచ్చినవారు. ఆయనకి తెర అంటే చివరిదాకా నమ్మకం కుదరలేదు. "తెర మీద పడ్డది పైకి వెళ్లిపోతుందమ్మా. కాగితం మీదైతే పొద్దున్న వచ్చి రాత్రి ఎవడు ఏం వెలగబెట్టాడో వరసగా చదువుకోవచ్చు" అనేవారు. ఇప్పుడు ఆ పని సిస్టమ్ లాగ్ చేస్తుంది. అయినా ఆయన మాటలో సబబు ఉంది: కన్సోల్ ఖర్చులో సగం, ఎవరు ఏం కొట్టారో రేపు తేల్చి చెప్పగలగడానికి అయ్యే ఖర్చే.

1971లో 3270 కుటుంబం తెరలు వచ్చాయి. ఇందులో ఒక తెలివి ఉంది. మనం కొట్టే ప్రతి అక్షరానికీ యంత్రాన్ని కదపదు. తెర నింపుకుని ఎంటర్ నొక్కితే అప్పుడు మొత్తం ఒక్కసారి వెళుతుంది. యంత్రం సమయం అంత ప్రియంగా ఉన్న రోజుల్లో ఇది చిన్న పొదుపు కాదు. కాకపోతే తెరలకి కంట్రోలర్ కావాలి. కంట్రోలర్ నుంచి తెరకి 93 ఓమ్‌ల కోయాక్స్ కేబుల్ 1500 మీటర్ల దాకా లాగొచ్చు. కన్సోల్‌గా వాడే తెర విషయంలో మాత్రం ఆ కంట్రోలర్ నేరుగా మెయిన్‌ఫ్రేమ్ చానెల్‌కి, బొటనవేలంత లావు రాగి తీగలతో తగిలించి ఉండాలి. ఆ తీగలకి 400 అడుగులు దాటే యోగం లేదు. అంటే మనిషి యంత్రం ఉన్న ఆవరణలోనే ఉండాలి, మూడు షిఫ్టులూ ఉండాలి. యంత్రం ఉండే చలిగదిలో ఏసీ హోరు మధ్య స్వెట్టర్లు వేసుకుని కూర్చున్న తరం అది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. కన్సోల్ ఖర్చుని నిజంగా తగ్గించింది నా లెక్కలో తెర కాదు, వీఎం. ఐబీఎం 1972 ఆగస్టులో ప్రకటించిన వీఎం/370, ఒకే యంత్రాన్ని చాలా నకిలీ యంత్రాలుగా చూపిస్తుంది. ప్రతి నకిలీ యంత్రానికీ దాని కన్సోల్ దానికి ఉంటుంది. అంతకుముందు సిస్టమ్ ప్రోగ్రామర్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ని పరీక్షించాలంటే యంత్రం మొత్తం తనకొక్కడికే కావాలి. అది దొరికేది అర్ధరాత్రో ఆదివారమో. వీఎం వచ్చాక పట్టపగలు తన బల్ల దగ్గరే కూర్చుని ఐపీఎల్ చేసుకున్నాడు. పడిపోతే తన నకిలీ యంత్రమే పడిపోయింది, జీతాల జాబ్ పక్కనే నిక్షేపంగా నడిచింది. క్లౌడ్ పేరుతో ఇప్పుడు మనకి అమ్ముతున్న సరుకులో ఇదెంత ఉందో ఆలోచించుకోవచ్చు.

మరి రాగి తీగ 400 అడుగులు దాటనప్పుడు మాదాపూర్ దాకా కన్సోల్ ఎలా వచ్చింది? ఒక దారి సులువుగానే దొరికింది. 3270 తెరని మామూలు ఇంటర్నెట్ తీగ మీద నడిపే టీఎన్3270 పద్ధతి 1994 నాటికే కాగితం మీదికి వచ్చింది. అసలు తెర కొనక్కర్లేదు, పీసీలో ఎమ్యులేటర్ చాలు. ఎక్స్3270 అనే ఎమ్యులేటర్ ఇప్పటికీ ఉచితం. కానీ మళ్లీ మొదటి చిక్కే: ఆ తీగ అవతల కొసన ఉండేది మెయిన్‌ఫ్రేమ్‌లోని నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్. అది పడుకుంటే మనం గుడ్డివాళ్లం. దీనికి విరుగుడు ఓఎస్‌ఏ-ఐసీసీ. మెయిన్‌ఫ్రేమ్ పెట్టెలోనే కూర్చునే ఒక నెట్‌వర్క్ కార్డుకి ఇచ్చిన వేషం ఇది. బయటివాళ్లకి టీఎన్3270 సర్వర్‌గా కనిపిస్తుంది, లోపల ఆపరేటింగ్ సిస్టమ్‌తో 'నేను చానెల్‌కి తగిలించిన పాత కంట్రోలర్‌ని' అని చెప్పుకుంటుంది. ఒక్కో కార్డు మీద 120 సెషన్ల దాకా నడుస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ లేచినా లేవకపోయినా కార్డు పాటికి కార్డు పనిచేస్తుంది. మా ఉద్యోగాలకి ఆధారం ఈ చిన్న అబద్ధమే.

దీనికి వెనకాల ఇంకో తలుపుంది, హెచ్ఎంసీ. యంత్రానికి కరెంటు ఇవ్వడం, దాన్ని ముక్కలుగా పంచడం, ఐపీఎల్ మొదలుపెట్టడం దీని పని. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ మెసేజ్‌లు చూపించే ఒక కిటికీ ఉంటుంది. రోజూ వాడుకోవడానికి అది ససేమిరా పనికిరాదు. మెసేజ్‌లు ఉరకలు వేస్తుంటే చదవలేం, కమాండ్ కొట్టాలంటే విసుగు. కానీ మిగతావన్నీ పోయిన రోజున ఉండేది అదొక్కటే.

అలాంటి రోజు ఒకటి నాకు బాగా గుర్తుంది. మా క్లయింట్ ఐపీఎల్‌లు వాళ్ల ఆదివారం తెల్లవారుజామున పెట్టుకునేవాడు. మనకది ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసులో బిర్యానీ పొట్లాలు విప్పకుండా అలాగే ఉన్నాయి. యంత్రాన్ని దించాం, లేపుతున్నాం. అదే సమయంలో క్లయింట్ నెట్‌వర్క్ బృందం ఒక స్విచ్‌కి మరమ్మతు పెట్టుకుంది, మాకో మాటైనా చెప్పలేదు. మా కన్సోల్ సెషన్లన్నీ ఆ స్విచ్ మీదుగానే వెళతాయి. ఒక్కసారిగా తెరలన్నీ ఆగిపోయాయి. యంత్రం లేచిందో లేదో తెలీదు, లేస్తూ ఎక్కడైనా ఆగి ప్రశ్న అడిగిందో తెలీదు. అడిగి ఉంటే మాత్రం జవాబు వచ్చేదాకా అలాగే కూర్చుంటుంది. దానికి విసుగుండదు.

ఫోన్ చేస్తే ఆ వేళప్పుడు అక్కడ దొరికిన ఒకే ఒక్క మనిషి ఏసీలు చూసే టెక్నీషియన్. మంచివాడు. హెచ్ఎంసీ ముందు కూర్చోబెట్టాం. అక్కడి మేనేజర్ ఇంటి నుంచి ఫోన్‌లో కలిసి ఆయనకి లాగిన్ ఇప్పించాడు. నా పక్కన శ్రీకాకుళం కుర్రాడొకడు, చేరి కొన్నాళ్లే అయింది, మాన్యువల్ తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"అక్కా, ఊరికే కమాండ్ కొడితే అది తీసుకోదు. ముందు ఆ కన్సోల్‌ని యాక్టివేట్ చేయాలంట."

అదే చెప్పాను ఫోన్‌లో. వీ, స్పేస్, సీఎన్, బ్రాకెట్, స్టార్, బ్రాకెట్ మూత, కామా, యాక్టివేట్. మొదటిసారి ఆయన స్టార్ అన్నచోట ఆ ఇంగ్లిషు మాటని అక్షరాలా టైపు చేశాడు. రెండోసారికి తీసుకుంది. తర్వాత డీ, స్పేస్, ఆర్, కామా, ఎల్. జవాబు కోసం వేచి ఉన్న ప్రశ్నల జాబితా చూపించే కమాండ్ అది. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. జెస్2, అంటే జాబుల క్యూ చూసుకునే విభాగం, ఎలా మొదలవ్వమంటావని అడిగి ఆగి ఉంది. జవాబు 'వార్మ్' అంటే క్యూలో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. 'కోల్డ్' అంటే ఉన్న జాబులు, వాటి అవుట్‌పుట్లు తుడిచిపెట్టుకుపోతాయి. "వార్మ్ అనే కదా? మా డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ కోల్డే అడుగుతారు" అన్నాడాయన నవ్వుతూ. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ మాటని ఒక్కో అక్షరం చెప్పించుకుని, ఎంటర్ నొక్కకముందు ఇంకోసారి చదివించుకుని, అప్పుడు నొక్కమన్నాను.

యంత్రం లేచింది. ఆ తర్వాత క్లయింట్ మేం ఎప్పటి నుంచో అడుగుతున్న రెండో నెట్‌వర్క్ దారికి డబ్బు మంజూరు చేశాడు. మొదటి దారితో ఒక్క స్విచ్ కూడా పంచుకోని దారి అది. హెచ్ఎంసీని బ్రౌజర్ నుంచి, రెండంచెల పాస్‌వర్డ్‌తో తెరిచే వీలు కూడా కల్పించాడు. ఎమ్యులేటర్‌కి పైసా ఖర్చు లేదు. ఐసీసీ కార్డు యంత్రంతో పాటు కొనుక్కున్నదే. బిల్లంతా ఎప్పుడో ఒక ఆదివారం మాత్రమే అక్కరకొచ్చే తీగకి అయింది. లెక్కల విభాగం వాళ్లకి ఇది నచ్చజెప్పడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. ఏడాదంతా ఖాళీగా పడి ఉండే వస్తువు వాళ్ల కంటికి దండగలాగే కనిపిస్తుంది.

ఇక మనిషి ఖర్చు. కన్సోల్ ముందు కూర్చోబెట్టినంత మాత్రాన అన్ని మీటలూ చేతికివ్వరు. ఇన్ఫో, సిస్, ఐఓ, కాన్స్, మాస్టర్ అని అధికారాల మెట్లున్నాయి. ఇన్ఫో ఉన్నవాడు చూడొచ్చు, ముట్టుకోలేడు. మాస్టర్ ఉన్నవాడు బ్యాంకు మొత్తాన్ని ఆపేయగలడు. పాతకాలంలో కన్సోల్‌కి లాగిన్ అనేదే ఉండేది కాదు, గది తలుపుకి ఉన్న తాళమే దానికి తాళం. దూరం నుంచి నడపడం మొదలయ్యాక ఆ తాళం బదులు పేరు, పాస్‌వర్డ్, ఎవరు ఏ కమాండ్ కొట్టొచ్చో చెప్పే ర్యాక్ఎఫ్ నియమాలు, ఆడిటర్లు, ఆడిటర్లకి చూపించే కాగితాలు వచ్చిపడ్డాయి. మనిషిని యంత్రం పక్క నుంచి తీసి దూరంగా పెట్టి మిగుల్చుకున్న జీతంలో కొంత ఇలా వెనక్కి పోతుంది. అయినా మిగులుతుంది లెండి, లేకపోతే మమ్మల్ని పెట్టుకోరుగా.

పైగా ఇప్పుడు మెసేజ్‌లు చదివేది ఎక్కువగా మనుషులు కాదు. అవి వచ్చే ధాటికి కళ్లు ఆగవు. ఊసుపోక మాటల్ని ముందే వడగట్టేస్తారు, తెలిసిన ప్రశ్నలకి ఆటోమేషన్ ప్రోగ్రాములే జవాబిచ్చేస్తాయి. మనిషి దాకా వచ్చేవి తెలియని ప్రశ్నలే. దీనివల్ల ఓ వింత చిక్కు వచ్చింది. రోజువారీ చిన్న ప్రశ్నలకి జవాబిస్తూ చెయ్యి తిరగాల్సిన కొత్తవాళ్లకి ఆ చిన్న ప్రశ్నలు దొరకడం లేదు. వాళ్లకి ఎదురయ్యే మొదటి ప్రశ్నే పెద్దది.

మరి నేర్చుకోవడం ఎలా? మా రోజుల్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా మెయిన్‌ఫ్రేమ్ బోర్డే: కోబాల్, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్. ఫీజులో కొన్ని గంటల ప్రాక్టికల్స్ కలిపేవారు, తెరకి ఇద్దరం. కన్సోల్ ఎలా ఉంటుందని అడిగితే "దాంతో నీకేం పనమ్మా, ముందు కోబాల్ రాయి" అన్నారు మా సార్. ఆయన తప్పు లేదు, ఆయనా చూసి ఉండరు. కన్సోల్ ఇస్తే యంత్రం మొత్తం ఇచ్చినట్టే. దాన్ని గంటల లెక్కన పదిమందికి అద్దెకివ్వడం కుదరదు.

ఇప్పుడు టీఎస్‌ఓ వరకు ఖర్చు సమస్యే కాదు. ఐబీఎం వాళ్ల జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో పేరు నమోదు చేసుకుంటే అసలైన మెయిన్‌ఫ్రేమ్ మీద ఉచితంగా ఐడీ ఇస్తారు, పాఠాలూ ఉంటాయి. అక్కడా కన్సోల్ ఇవ్వరు, ఇవ్వలేరు. కన్సోల్ కావాలంటే దారి హెర్క్యులిస్. రోజర్ బౌలర్ అనే ఆయన 1999లో బయటపెట్టిన ఎమ్యులేటర్ ఇది. పాత ల్యాప్‌టాప్‌నో రాస్ప్‌బెర్రీ పైనో మెయిన్‌ఫ్రేమ్‌గా మార్చేస్తుంది. ఇప్పటి మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌ని దాని మీద నడపడానికి లైసెన్స్ ఒప్పుకోదు. ఎంవీఎస్ 3.8జే అనే పాతది మాత్రం ఉచితంగా, అన్నీ అమర్చిన మూటల్లో దొరుకుతుంది. ఐపీఎల్ మనమే చేయాలి. ఏ పారామీటర్లతో లేవమంటావని అది అడిగితే ఆర్, స్పేస్, సున్నా సున్నా, కామా, సీఎల్‌పీఏ అని మనమే చెప్పాలి. దించేటప్పుడు టీఎస్‌ఓ ఆపి, జెస్2 ఆపి, చివర జెడ్, స్పేస్, ఈఓడీ కొట్టాలి. వరస తప్పితే ఏమవుతుందో చూడాలనుంటే తప్పించి చూడొచ్చు, ఫోన్ చేసి అరిచే క్లయింట్ ఎవడూ లేడు. హెచ్ఎంసీ, కొత్త భద్రతా నియమాలు అక్కడ నేర్చుకోలేం, నిజమే. కానీ యంత్రం అడగడం, మనం జవాబు చెప్పడం అనే అలవాటు మాత్రం పూర్తిగా అబ్బుతుంది.

ఆ మధ్య ఆపరేటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు చేస్తుంటే నల్లగొండ నుంచి ఒకమ్మాయి వచ్చింది. జెస్2 ఆగనని మొండికేస్తే ముందు ఏం చూస్తావని అడిగాను. ఇంకా ఏ జాబ్ నడుస్తోందో, ఏ ప్రింటర్ ఖాళీ కాలేదో చూడాలని తడుముకోకుండా కమాండ్లతో సహా చెప్పింది. మా మేనేజర్ ముందుకు వంగి, "ఏ డేటా సెంటర్‌లో చేశావమ్మా?" అన్నారు.

"మా ఇంట్లో సార్. అన్నయ్య పాత ల్యాప్‌టాప్ మీద."

తీసుకున్నాం. మొదటి ఆరు నెలలు ఇన్ఫో అధికారమే ఇచ్చాం.